రోడ్డు పక్క మడులు

వ్యవసాయ శాఖలో నేను చేసిన ఉద్యోగంలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడంతో గడిచిపోయింది. "ఏం మందు కొట్టమంటారండీ?" రైతులు ఈ ప్రశ్నను గట్టు మీద అడిగారు, సంతలో అడిగారు, మా ఇంట్లో తద్దినం జరుగుతున్న పూట వీధి అరుగు దగ్గర నిలబడి కూడా అడిగారు. ఆకు ముడుచుకుంటే మందు, మొవ్వు ఎండితే మందు, దోమ లేస్తే మందు. "ఇప్పటిదాకా ఏం ఎరువు వేశావు?" అని నేను ఎదురు అడిగితే, పంటినొప్పితో వైద్యుడి దగ్గరకు వెళ్ళినవాడిని చెప్పుల కొలత అడిగినట్టు నా మొహం చూసేవారు.

వారిని తప్పు పట్టను. నాకు కోపం వచ్చేది మా శాఖ మీద. రైతుకు ఆ రెండు విషయాలనూ విడదీసి నేర్పింది మేమే. ఎరువుల సమావేశం ఒక రోజు, చీడపీడల సమావేశం మరొక రోజు. ఎరువుల నివేదిక ఒక పత్రం, పురుగుల నివేదిక వేరే పత్రం. చేలో మాత్రం మొక్క ఒక్కటే. ఆ మొక్క తిన్నదాన్నే పురుగు తింటుంది. ఇంత చిన్న మాటను మా పత్రాల్లో రాయడానికి చోటు లేదు.

ఇప్పుడు ఊరూరా వ్యవసాయ సహాయకులుగా చేరుతున్న యువతీయువకుల కోసం ఇది రాస్తున్నాను. నా పదోన్నతులు, బదిలీలు, శాలువాలు ఇందులో లేవు. వాటివల్ల ఎవరి చేలోనూ ఒక గింజ అదనంగా పండలేదు.

ఒకే పేజీ

మా నాన్నగారు వేదపండితులు. "ఘనపాఠం చెప్పే ఇంట్లో పుట్టి, బురదలో పురుగులు ఏరుకునే ఉద్యోగమేమిట్రా నీకు?" అని మా మేనమామ నా ఉద్యోగపు ఉత్తర్వు వచ్చిన రోజునే ఎత్తిపొడిచారు. ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. నా ఉద్యోగానికి పనికొచ్చిన మొదటి పాఠం ఆ ఘనపాఠం నుంచే వచ్చింది. అందులో ఏ పదాన్నీ ఒంటరిగా వదలరు. ముందు పదంతో కలిపి, వెనక పదంతో కలిపి, తిరగేసి మళ్ళీ కలిపి చెబుతారు. నేను చేలను అలా రాసుకోవడం మొదలుపెట్టాను. ఒక చేనుకు ఒక పేజీ. ఎప్పుడు నారు ఊడ్చారు, ఎరువు ఎంత, ఎప్పుడు, నీరు ఎంత నిలబడింది, ఏ పురుగు ఎక్కడ కనిపించింది, అన్నీ ఆ పేజీలోనే. శాఖ అడిగిన పత్రాలు శాఖకు పంపాను. ఈ పుస్తకాలు మాత్రం నాకోసం రాసుకున్నాను. మీరూ రాయండి. ఎవరూ అడగరు, అయినా రాయండి.

సుడులు ఎక్కడ పడ్డాయి

కొత్తపేట వైపు ఒక మండలంలో నేను వ్యవసాయాధికారిగా, రైతుల నోట 'ఏవోగారు'గా ఉన్నప్పుడు, ఒక సార్వాలో, అంటే తొలకరి వరి పంటలో, సుడిదోమ లేచింది. కొత్తవారికి చెబుతున్నాను: ఇది గోధుమరంగులో ఉండే చిన్న దోమ. ఆకుల మీద కనిపించదు. దుబ్బు మొదట్లో, నీటికి జానెడు పైన గుంపులుగా కూర్చుని రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను మహారాజులా ఉంటుంది. తరువాత ఒక వారంలో, ఎవరో మూకుడు కాల్చి బోర్లించినట్టు, గుండ్రంగా చేను ఎండిపోతుంది. ఆ గుండ్రాలు పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అందుకే సుడి అన్నారు.

ఆ ఏడాది సుడులు ఒక వింత వరసలో పడ్డాయి. తారు రోడ్డు పక్కనున్న మడుల్లో విపరీతంగా ఉన్నాయి. లోపలి మడుల్లో అక్కడొకటి, ఇక్కడొకటి. మా సహాయ సంచాలకులు జీపులో వచ్చి, రోడ్డు దిగకుండానే నిర్ణయం ప్రకటించారు.

"లైట్లండీ శాస్త్రిగారూ. దోమ లైటుకి వస్తుంది కదా. రోడ్డు లైట్లకి వచ్చి పక్కన మడుల్లో వాలింది. రాసెయ్యండి, పైకి పంపేద్దాం."

"లైట్లు ఊరి సెంటరు దగ్గరే ఉన్నాయి సార్. ఈ ముక్కలో స్తంభమే లేదండి."

"లారీలు వెళ్తాయి కదండీ!"

"కాలువ గట్టు మీద లారీ వెళ్ళదు కదండీ. అక్కడ కూడా గట్టు పక్క మడులే మాడినాయి."

"మీరు మరీ వేదపాఠంలా సంత చెప్పేస్తారండీ బాబూ. ముందు కొట్లలో మందు స్టాకు ఉందో లేదో చూడండి."

ఆయన చెడ్డవారు కాదు. చేతివాటం లేని మనిషి. కాకపోతే ఒక కారణం దొరికాక రెండో కారణం వెతకడం వృథా శ్రమ అని ఆయన నమ్మకం. అలాంటి పై అధికారులు మీకూ దొరుకుతారు. వారితో వాదించడానికి గట్టు పనికిరాదు. ముందు మీరొక్కరే చేలో దిగి చూసుకోండి.

నేను మర్నాడు నూకరాజు దగ్గరకు వెళ్ళాను. నూకరాజు కౌలు రైతు. అమలాపురంలో ఉంటున్న కామేశ్వరమ్మగారనే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ భూమిని చాలా ఏళ్ళుగా చేస్తున్నాడు. అతని చేలో రోడ్డు వైపు మడి సగం మాడిపోయింది. దాని వెనక మడి నిక్షేపంగా ఉంది. ఒకే విత్తనం, ఒకే బోదె నీరు, ఒకేసారి ఊడ్చినవి.

"ఏమయ్యా, ఈ రోడ్డు పక్క మడికి విడిగా ఏమైనా వేశావా?"

"ఏమీ లేదండి. అన్నిటికీ వేసిందే దీనికీని."

కుప్పనూర్పుల కోసం కళ్ళం చెక్కుతున్న అతని భార్య సత్యవతి పార ఆపింది. "చెప్పెయ్యకూడదా? ఏవోగారేమన్నా కొడతారా, తిడతారా?" అని మొగుడిని గదిమి, నా వైపు తిరిగింది.

"దసరా వెళ్ళాక మా అమ్మగారు కారులో వత్తారండి. కారు ఇదిగో, ఇక్కడే ఆగుద్ది. అద్దం దించి చూత్తారు. చేను నల్లగా ఉందనుకోండి, 'బాగా చేస్తున్నావు నూకరాజూ, వచ్చే ఏడు కూడా నువ్వే' అంటారు. పాలిపోయి ఉందనుకోండి, 'ఏంటి, నా భూమికి ఎరువు దండగనుకున్నావా' అంటారు. అంచేత కారుకి కనపడినంత మేర ఇంకో దఫా యూరియా జల్లుతామండి. పెళ్ళిచూపులప్పుడు పిల్లకి పౌడరు రాయమేంటండీ?"

"మీరొక్కరేనా?"

"ఊరంతా రాత్తారండి. మేం రాయకపోతే మా పిల్లే బాగోలేదంటారు."

మా వైపు ముదురాకుపచ్చ చేనును నల్లగా ఉందంటారు. ఆ నలుపే కష్టానికి గుర్తు, మర్యాదకు గుర్తు. కాలువ గట్టు మీద సుడులు ఎందుకు పడ్డాయో కూడా అప్పుడే తెలిసింది. ఆ గట్టు మీద మోటారు సైకిలు వేసుకుని వచ్చి చూసుకునే భూస్వాములు ఉన్నారు. మనిషి చూపు ఎక్కడిదాకా ఆనుతుందో అక్కడిదాకా యూరియా, యూరియా ఉన్న మేరకు దోమ. మా కార్యాలయంలోని ఏ పటంలోనూ భూస్వామి కారు ఆగే చోటు గుర్తు పెట్టి లేదు.

రసంలో ఏముంది

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి. ఓపికగా చదవండి.

మొక్క నేలలోంచి తీసుకున్న నత్రజనిని మొదట అమైనో ఆమ్లాలుగా, వాటిని మాంసకృత్తులుగా కట్టుకుంటుంది. మోతాదుకు మించి యూరియా పడితే కట్టుకునే పని వెనకబడుతుంది. కట్టని ఇటుకల్లా ఆ ఆమ్లాలు రసంలో మిగిలిపోతాయి. రసం పీల్చే పురుగు సాధారణంగా ఆకలితోనే బతుకుతుంది, ఎందుకంటే రసంలో తీపి ఎక్కువ, నత్రజని తక్కువ. మనం ఆ కొరత తీర్చేస్తున్నాం. పిల్లదోమలు తక్కువగా చస్తాయి, త్వరగా ఎదుగుతాయి. తల్లిదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. పైగా ఆకు గుబురై మొదట్లోకి గాలి, ఎండ పోవు. దోమకు అంతకంటే చల్లని గది దొరకదు.

పొటాష్ ఆ కట్టే పనికి సాయపడుతుంది. అది తక్కువైన చేలో, యూరియా మితంగా వేసినా రసంలో మిగులు ఉంటుంది. మా రైతులకు పొటాష్ అంటే చిన్నచూపు, కారణం స్పష్టం. అది వేస్తే చేను రంగు మారదు. కారులోంచి కనిపించని ఎరువును ఎవరు కొంటారు?

మూడోది సిలికా. వరి దాన్ని నేలలోంచి తోడుకుని ఆకుల్లో, కాండంలో గరుకుగా పేర్చుకుంటుంది. కాండం తొలిచే పురుగుకు అప్పుడే పుట్టిన పిల్ల ఆ గరుకును కొరకలేక అలిసిపోతుంది. నత్రజని ఎక్కువై మొక్క ఉరుకులతో పెరిగితే ఆ పొర పలచబడుతుంది. ఆకుముడత పురుగు కూడా వెడల్పాటి, మెత్తటి ఆకునే కోరుకుంటుంది. సిలికా నిండిన ఊకబూడిదను నారుమళ్ళలో జల్లే పాత అలవాటులో అర్థం ఉంది. ఇప్పుడా బూడిదను రోడ్డు పక్కన పారబోస్తున్నాం.

ఒక హెచ్చరిక. ఇది యూరియా వద్దనే ఉపన్యాసం కాదు. నత్రజని లేక పసుపు తిరిగిన చేలో పురుగు లేదని సంబరపడితే గింజా ఉండదు. అలాగే, నల్లటి చేలలో దోమ రాని సంవత్సరాలు కూడా నా పుస్తకాల్లో ఉన్నాయి. దోమ రావడానికి వాతావరణం కావాలి. వచ్చిన దోమ నిలిచి కాపురం పెట్టడానికి భోజనం కావాలి. వాతావరణం మన చేతిలో లేదు.

కార్డు

మరుసటి సార్వాకు నూకరాజు చేలో ఒక ప్రదర్శన క్షేత్రం పెట్టాలనుకున్నాను. ఆకు రంగు కార్డు అని ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ చారలుంటాయి. నీడలో ఆకును దాని మీద పెట్టి చూసి, చెప్పిన చారకంటే పాలిపోతేనే యూరియా వేయాలి. లేకపోతే బస్తా విప్పకూడదు.

నూకరాజు కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగానే ఉందండి. కాని మా అమ్మగారి కార్డు వేరండి. ఆవిడ కార్డులో ఒక్కటే గీత, నలుపు."

"కిందటేడు ఆ నలుపు ఏమైందో చూశావు కదయ్యా."

"చూసేనండి. కాని తవరికి ప్రదర్శన పోతే ఇంకో ప్రదర్శన. నాకు కౌలు పోతే ఇంకోటి దొరుకుద్దాండి?"

సలహా ఇవ్వడానికి మాకు ఉత్తర్వులున్నాయి. ఆ సలహా పాటించినవాడి కౌలును కాపాడడానికి ఒక్క ఉత్తర్వు కూడా లేదు. ఈ అన్యాయం మీద నేను పైకి రాసిన లేఖలకు అందినట్టు రసీదులు మాత్రం వచ్చాయి.

చివరికి సత్యవతే తేల్చింది. "మాడిన మడి కోత్తే చేతికి గడ్డే వచ్చింది. ఈసారి ఏవోగారి మాట విని చూద్దారి. కాని ఒకటండీ, అమ్మగారు వచ్చిన రోజున తవరు ఇక్కడుండాలి. ఆవిడ ఇంగ్లీషులో తిడితే మాకు అర్థం కాదు."

ఒప్పుకున్నాను. ఊడ్చేటప్పుడే గాలి ఆడేలా మధ్యమధ్య కాలిబాటలు వదిలాం. యూరియా కార్డు చూసి వేశాం. పొటాష్‌ను రెండు దఫాలుగా వేశాం. చేనుకు నీరు నిలబెట్టకుండా అప్పుడప్పుడు తీసి ఆరబెట్టాం. నూకరాజు ఇవన్నీ శ్రద్ధగా చేశాడు. దసరా దగ్గర పడుతున్న కొద్దీ రోజూ రోడ్డు మీదకు ఎక్కి, కారు ఆగే చోట నిలబడి, తన చేనును చూసుకునేవాడని సత్యవతి చెప్పింది. పక్క చేను ఏడుకొండలనే మరో రైతుది. అది కాటుక పెట్టినట్టుంది.

అద్దం దించిన కారు

కామేశ్వరమ్మగారు వచ్చారు. కారు అక్కడే ఆగింది. అద్దం దిగింది. ఆవిడ ముందు నూకరాజు చేను, తరువాత ఏడుకొండలు చేను, మళ్ళీ నూకరాజు చేను చూశారు.

"ఏం నూకరాజూ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండమ్మగారూ."

"నీకు కాదయ్యా, చేనుకి."

నేను ముందుకు వెళ్ళి పరిచయం చేసుకుని, ఎరువు తగ్గించమన్నది నేనేనని చెప్పాను. కారణాలు చెప్పాను. ఆవిడ మర్యాదగా విన్నారు.

"అమ్మా, ఒక్కసారి దిగి గట్టు మీదకు రండి. రెండు చేలల్లోనూ దుబ్బు తట్టి చూపిస్తాను. ఏడుకొండలు చేలో ఇప్పటికే నీళ్ళ మీద దోమ రాలుతోంది."

"మోకాళ్ళు సహకరించవండీ. అయినా సర్వీసంతా పిల్లల మొహం చూసి చెప్పేదాన్ని, చదివాడో లేదో."

"చెప్పి ఉంటారు. పేపరు దిద్దకుండా మార్కులు మాత్రం వేసి ఉండరు కదమ్మా."

ఆవిడ నవ్వారు. "మాటకారులేనండీ శాస్త్రిగారూ. కాని ఏడుకొండలు ఈ భూమి కౌలుకిమ్మని పోయిన నెలలోనే అడిగాడు నన్ను. వాడి చేను చూస్తే తెలుస్తోంది కదా, భూమంటే ఎంత ప్రేమో." తరువాత నూకరాజు వైపు తిరిగి, "ఈ కోత కోసుకో నాయనా. రెండో పంట, దాళ్వా నుంచి ఏడుకొండలు చేస్తాడు" అన్నారు.

"ఆయ్" అని తలూపాడు నూకరాజు. కారు వెళ్ళిపోయాక సత్యవతి నా మొహం కేసి చూడకుండా, "మీరుండబట్టి తెలుగులోనే తిట్టేరండి" అంది.

కోతల ముందు ఏడుకొండలు చేలో సుడులు పడ్డాయి. అతను వరసగా మందులు కొట్టాడు. అందులో ఒక ఘాటైన మందు దోమను తినే సాలీళ్ళను ముందు చంపింది, ఆ తరువాత మిగిలిన దోమ రెట్టింపైంది. చేనంతా పోలేదు గాని రోడ్డు వైపు మడులు పోయాయి. నూకరాజు చేను కంకి బరువుకు వంగి, ఎక్కడా మచ్చ లేకుండా కోతకు వచ్చింది. మా సహాయ సంచాలకులు ఆ చేను ఫొటో తీయించి ప్రదర్శన విజయవంతమని నివేదిక పంపించారు. నివేదిక వెళ్ళిన రోజుకు ఆ రైతుకు సాగు చేసుకునేందుకు సెంటు భూమి లేదు. ఆ వాక్యం కూడా చేర్చమని అడిగాను. "దానికి కాలమ్ ఎక్కడుందండీ?" అన్నారు. నిజమే, లేదు.

గట్టు మీద

నూకరాజుకు మురుగుకాలువ పక్కన ఒక పల్లపు ముక్క దొరికింది. అక్కడికి దారి లేదు కనుక ఎవరూ చూడరు. ఎవరూ చూడరు కనుక అతను ఆ దాళ్వా అంతా కార్డు చూసుకుని స్వేచ్ఛగా చేశాడు. కామేశ్వరమ్మగారి భూమిలో ఏడుకొండలు తన పద్ధతిలోనే చేశాడు. దాళ్వా చివర మళ్ళీ దోమ పడింది. అతను మూర్ఖుడు కాదు. ఊరు మెచ్చుకున్న పనినే ఊరికంటే ఎక్కువగా చేశాడు, అంతే.

తొలకరికి ముందు కామేశ్వరమ్మగారు భూమి మళ్ళీ చేయమని నూకరాజుకు కబురు పెట్టారు. అతను వెళ్ళే ముందు మా కార్యాలయానికి వచ్చాడు.

"చేత్తానంటానండి. కాని ఒక షరతు పెడదామనుకుంటన్నాను. పెట్టొచ్చాండి?"

"ఏమిటది?"

"ఈసారి చూడ్డానికి వత్తే కారు దిగి రావాలండి. రోడ్డు మీంచి చూసి మాట చెప్పకూడదు. గట్టు మీదకొచ్చి, లోపల మడి కూడా చూసి, అప్పుడు ఏమన్నా పడతాను."

కౌలు రైతు భూస్వామికి షరతు పెట్టడం నేను అదే మొదటిసారి విన్నాను. పెట్టమన్నాను. ఆవిడ ఏమన్నారో అతను నాకు చెప్పలేదు. చేను మాత్రం అతనే ఊడ్చాడు.

దసరా వెళ్ళాక నేనూ వెళ్ళాను. కారు ఎప్పటి చోటే ఆగింది. చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. అప్పుడు ఆవిడ దిగారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, సత్యవతి భుజం ఆసరాగా గట్టు మీద నడిచారు. రోడ్డు పక్క మడి దాటారు. రెండో మడి దాటారు. మూడో మడి దగ్గర ఆగి, నా వైపు చూసి, "పేపరు దిద్దడానికి వచ్చానండీ" అన్నారు.

సత్యవతి వంగి ఒక దుబ్బును రెండు చేతులతో పాయలు తీసి పట్టుకుంది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వంగి, నీటి దగ్గర కాండం మొదలును చాలాసేపు చూశారు.

"నాకేమీ కనపడటం లేదే. ఇక్కడ ఏం కనపడాలి?"

"ఏమీ కనపడకూడదండమ్మగారూ" అంది సత్యవతి. "సాలీడుంటే ఉండనివ్వండి."